అగ్గి తెగులు ఆకుకు ఎలా అంటుకుంటుంది?

క్లుప్తంగా: వరి ఆకు మీద అగ్గి తెగులు మచ్చ కనిపించడానికి నాలుగైదు రోజుల ముందే శిలీంధ్రం ఆకును పట్టుకుని లోపలికి దూరిపోయి ఉంటుంది. శిలీంధ్రానికి విత్తనం లాంటి బీజం కొనలో దాచుకున్న జిగురు, మొలక మీద పరుచుకునే ప్రోటీన్ పొర, ఆకును పొడిచే కణం చుట్టూ బిగుసుకునే బంక ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తేనే తెగులు మొదలవుతుంది. మంచు రాత్రుల్లో తెగులు ఎందుకు రేగుతుందో, తడిలో బీజాలు ఎందుకు కొట్టుకుపోవో, మచ్చ చూశాక కొట్టిన మందు ఆ మచ్చను ఎందుకు మాన్పలేదో ఈ అతుకు తీరును బట్టి అర్థమవుతుంది.

తెలుగులో రోగం అంటుకుంటుంది, నిప్పు కూడా అంటుకుంటుంది. వరికి వచ్చే అగ్గి తెగులు విషయంలో ఈ రెండు వాడుకలూ కలిసిపోయాయి. సోకిన మడి దూరం నుంచి చూస్తే కాలిపోయినట్టే ఉంటుంది. దగ్గరికి వెళ్తే ఆకుల మీద నూలుకండె ఆకారపు మచ్చలు కనిపిస్తాయి. మచ్చ మధ్యలో బూడిద రంగు, అంచున ముదురు గోధుమ రంగు ఉంటుంది. అదే తెగులు వెన్ను మెడకు సోకితే మెడ విరిగి గింజ తాలు పోతుంది. దాన్ని మెడ విరుపు అంటారు. ఇంతటికీ కారణం మాగ్నపోర్తే ఒరైజే అనే శిలీంధ్రం. పైరిక్యులేరియా అన్న పేరు కూడా ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఏటా చలి మొదలయ్యేసరికి ఈ తెగులు గురించి అవే ప్రశ్నలు తిరిగి వస్తాయి. చినుకు పడలేదు కదా, తెగులు ఎక్కడి నుంచి వచ్చింది? పైరు మీద అంత మంచు కురిసి కారిపోయింది కదా, బీజాలు దాంతోపాటు కిందికి పోవా? మందు కొట్టిన మూడో రోజున కొత్త మచ్చలు కనపడితే మందు నకిలీదని అనుకోవాలా? ఈ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఒక రాత్రిలో, కంటికి కనపడకుండా జరిగిపోయే పనిలో ఉంది. ఆ పనిలో మొదటి మెట్టు అతుక్కోవడం. అది కుదరకపోతే తర్వాతివేవీ జరగవు.

నీటిబొట్టు నిలవని చోట

వరి ఆకు మీద నీళ్లు చల్లితే బొట్లు గుండ్రంగా ముడుచుకుని జారిపోతాయి. తామరాకు మీద నీటిబొట్టు అన్న మాట వరి ఆకుకూ చెల్లుతుంది. ఆకు పైన సన్నటి మైనపు పూత ఉంటుంది. ఆ పూత కింద ఆకు చర్మమంతా అతి చిన్న బొడిపెలతో గరుకుగా ఉంటుంది. మైనం, గరుకుదనం కలవడంతో నీరు ఆకును పూర్తిగా తాకలేక బొడిపెల మీద తేలుతుంది. పిచికారీ చేసేటప్పుడు ట్యాంకులో జిగురు మందు కలపమని చెప్పేది ఇందుకే. అది బొట్టును పలచగా పరిచి ఆకు మీద నిలిచేలా చేస్తుంది.

మనిషి కొట్టే మందే నిలవడానికి ఇంత ఇబ్బంది పడే చోట శిలీంధ్ర బీజం నిలవాలి. ఆ బీజం పొడవు సుమారు 20 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో మూడో వంతు. మూడు గదులతో, ఒక కొన సన్నగా, రెండో కొన లావుగా బేరిపండు ఆకారంలో ఉంటుంది. పైరిక్యులేరియా అన్న పేరు ఆ ఆకారం నుంచి వచ్చిందే. రాత్రి తేమకు పాత మచ్చల మీద బీజాలు తయారై గాలిలోకి లేస్తాయి, పక్క ఆకుల మీద వాలతాయి. అదే సమయంలో ఆ ఆకుల మీద మంచు పడుతూ ఉంటుంది. బీజం మొలకెత్తాలంటే ఆ తడి కావాలి. కానీ ఆకు ఊగినా, మంచుబొట్టు జారినా ఆ తడితోనే బీజమూ కిందికి పోతుంది. కాబట్టి నీళ్లలో తడిసిన మరుక్షణం నుంచే, ఆ నీళ్లలోనే అతుక్కోవాలి.

నీళ్లలో అతకడం తేలిక కాదు. తడి గోడకు టేపు అంటించి చూస్తే తెలుస్తుంది. జిగురుకీ గోడకీ మధ్య పలచటి నీటి పొర అడ్డం నిలిచి, జిగురును గోడ దాకా పోనివ్వదు.

కొనలో దాచుకున్న జిగురు

ఈ చిక్కును బీజం ఎలా దాటుతుందో 1988లో తేలింది. అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో జాన్ హామర్, రిచర్డ్ హోవర్డ్, ఫారెస్ట్ చమ్లీ, బార్బరా వాలెంట్ చేసిన పరిశోధన ఆ ఏడాది సైన్స్ పత్రికలో అచ్చయింది. అగ్గి తెగులు బీజం కొన గదిలో, కణం పొరకీ గోడకీ మధ్య ఒక జిగురు ముద్ద ముందే సిద్ధంగా ఉంటుందని వారు చూపించారు. బీజం తడవగానే ఆ ముద్ద ఉబ్బి, కొన దగ్గర గోడను చీల్చుకుని బయటికి వస్తుంది. బీజం ఆ కొనతోనే తలాన్ని పట్టుకుంటుంది. మొలక రావడానికి ముందే ఇదంతా జరిగిపోతుంది.

వారు పరీక్షించిన తలాల్లో టెఫ్లాన్ కూడా ఉంది. దోసె అంటుకోకుండా పెనానికి పూసే పూత అదే. ఏదీ అంటదని పేరున్న ఆ పదార్థాన్ని 1938లో కనిపెట్టింది కూడా డ్యూపాంట్ కంపెనీలోనే. దాన్ని సైతం బీజం పట్టుకోగలిగింది. దీన్నిబట్టి ఒక సంగతి స్పష్టమవుతుంది. ఈ జిగురుకు వరి ఆకే కావాలన్న పట్టింపు లేదు. నీటిని దూరంగా నెట్టే తలం ఏదైనా చాలు. నిజానికి అలాంటి తలమే దానికి అనుకూలం. మైనం, టెఫ్లాన్ లాంటివి నీటిని గట్టిగా పట్టి ఉంచవు, అందువల్ల మధ్యలో ఉన్న నీటి పొరను పక్కకు తోయడం సులువవుతుంది. ఆకు తనను కాపాడుకోవడానికి పూసుకున్న మైనం ఈ శిలీంధ్రం విషయంలో కాపు కాయలేకపోతోంది.

జిగురు దేనితో తయారైందో తెలుసుకోవడానికి వాడిన ఉపాయం కూడా చెప్పుకోదగ్గదే. తమ్మ జాతి చిక్కుడు గింజల్లో కాన్‌కనావలిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది మానోజ్, గ్లూకోజ్ తరహా చక్కెరలను చూస్తే పట్టుకుంటుంది. దాన్ని కలిపిన నీటిలో బీజాలను ఉంచితే ఆ ప్రోటీన్ వెళ్లి కొన జిగురును కమ్ముకుంది, బీజాలు అతుక్కోవడం ఆగింది. అంటే ఆ జిగురులో చక్కెర గొలుసులు ఉన్నాయి, అతుకు పనిలో వాటికి భాగం ఉంది. అతుకును మధ్యలోనే అడ్డుకోవచ్చని కూడా దీంతో మొదటిసారి తెలిసింది.

మొలక వేసే రెండో పట్టు

కొన జిగురు లంగరు లాంటిది. బీజాన్ని ఉన్నచోట ఆపుతుంది, అంతకు మించి చేయదు. రెండు గంటలు తిరిగేసరికి బీజం నుంచి సన్నటి మొలక గొట్టం బయటికి వస్తుంది. ఇప్పుడు ఆ మొలక ఆకును విడవకుండా పాకాలి. అందుకు అది తన చుట్టూ కొత్తగా బంక వదులుతూ పోతుంది.

ఈ దశలో హైడ్రోఫోబిన్ అనే ప్రోటీన్ల పాత్ర పెద్దది. వీటికి ఒక పక్క నీరు పడదు, రెండో పక్క పడుతుంది. ఆకు మైనానికీ, తడిగా ఉండే శిలీంధ్రం గోడకీ నడుమ ఇవి పలచటి పొరగా పేరుకుని, కలవని రెండింటినీ కలుపుతాయి. అగ్గి తెగులు శిలీంధ్రంలో ఎంపీజీ1 అనే హైడ్రోఫోబిన్ జన్యువును నికొలస్ టాల్బట్ బృందం 1993లో బయటపెట్టింది. ఆ జన్యువును తీసేసిన శిలీంధ్రం బతుకుతుంది, పెరుగుతుంది. కానీ ఆకును పొడిచే కణాలను సరిగా తయారుచేయలేదు, తెగులు కలిగించే శక్తి బాగా తగ్గిపోతుంది.

అతుక్కోవడానికీ పొడిచే కణం తయారవడానికీ సంబంధం ఏమిటి? మొలక గొట్టం తాను పాకుతున్న తలం ఎలాంటిదో తడుముకుని తెలుసుకుంటుంది. తలం గట్టిగా ఉందా, నీటిని నెట్టేస్తోందా, ఆకు మైనం లేదా ఆకు పై పొరలో ఉండే క్యూటిన్ అనే పదార్థం ముక్కలు తగులుతున్నాయా అన్నవి అది గమనించే గుర్తులు. తగిన గుర్తులు అందితే మొలక కొన వంగి, ఉబ్బి, పొడిచే కణంగా మారడం మొదలుపెడుతుంది. మెత్తగా, నీరు పీల్చేలా ఉన్న తలం మీద ఉంచితే మొలక ఊరికే పొడవుగా పోతూ ఉంటుంది. అలాంటి తలం మీద కూడా సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థాన్ని బయటి నుంచి అందిస్తే పొడిచే కణం తయారవుతుందని 1993లోనే మరో పరిశోధన చూపింది. కణం లోపలికి కబురు మోసే పదార్థం అది. తలాన్ని గట్టిగా ఆనుకోని మొలకకు ఈ గుర్తులేవీ సరిగా అందవు. ఈ దశలో పట్టు అంటే స్పర్శ కూడా.

కారు టైరుకు 40 రెట్ల ఒత్తిడి

పొడిచే కణాన్ని శాస్త్రవేత్తలు అప్రెసోరియం అంటారు. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ 1883లో చిక్కుడు తెగులును చూస్తూ పెట్టిన పేరు. లాటిన్‌లో అదిమి ఉంచడం అన్న అర్థమున్న మాట నుంచి వచ్చింది. అప్పటికి లోపలి సంగతులేవీ తెలియవు, ఆకును అదిమి పట్టుకున్నట్టు కనిపించడాన్ని బట్టి పెట్టినదే. వందేళ్ల తర్వాత తెలిసిన విషయాలకు కూడా ఆ పేరు చక్కగా సరిపోయింది.

అగ్గి తెగులు శిలీంధ్రంలో ఈ కణం గుమ్మటంలా ఉంటుంది. అంచుల చుట్టూ వలయంగా బంక ఉంటుంది, ఆకుకు ఆనిన అడుగు భాగంలో చిన్న రంధ్రం లాంటి చోటు ఉంటుంది. గుమ్మటం లోపల గోడకు మెలనిన్ అనే నల్లటి పదార్థం పూత పడుతుంది. మన జుట్టుకు నలుపునిచ్చే జాతి పదార్థమే. ఈ పూత నీటిని లోపలికి రానిస్తుంది, లోపల పోగైన గ్లిసరాల్ అనే చిక్కటి పదార్థాన్ని మాత్రం బయటికి పోనివ్వదు. గ్లిసరాల్ సాంద్రత లీటరుకు 3 మోల్‌లు దాటుతుందని 1997లో కొలిచారు. అంత చిక్కటి ద్రవం ఉన్నప్పుడు నీరు లోపలికి దూసుకొస్తుంది, బయటికి పోయే దారి లేక ఒత్తిడి పెరిగిపోతుంది.

ఎంత ఒత్తిడి? 1991లో హోవర్డ్ బృందం కట్టిన లెక్క ప్రకారం 8 మెగాపాస్కల్ దాకా. వాతావరణ ఒత్తిడికి దాదాపు 80 రెట్లు, కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి సుమారు 40 రెట్లు. ఆ ఒత్తిడంతా అడుగున ఉన్న చిన్న రంధ్రం గుండా సన్నటి మేకులాగా దిగి ఆకు చర్మాన్ని పొడుస్తుంది. ప్రయోగశాలలో అది ప్లాస్టిక్ పొరలను కూడా పొడవగలిగింది.

అతుకు ఎందుకంత ముఖ్యమో ఇక్కడ బాగా తెలుస్తుంది. గోడకు మేకు దిగ్గొట్టేటప్పుడు వెనుక సుత్తి, సుత్తిని పట్టిన చెయ్యి, నేల మీద నిలదొక్కుకున్న కాళ్లు ఉంటాయి. శిలీంధ్రానికి ఇవేవీ లేవు. అది ఆకును కిందికి ఎంత బలంగా నెడితే ఆకు దాన్ని పైకి అంతే బలంగా నెడుతుంది. ఆ ఎదురు బలాన్ని ఆపేది అంచు చుట్టూ ఉన్న బంక వలయం ఒక్కటే. అది వదిలితే మేకు దిగదు, గుమ్మటమే పైకి లేచిపోతుంది. లోపల సెప్టిన్ అనే ప్రోటీన్లు రంధ్రం చుట్టూ ఉంగరంలా అమరి మేకుకు బిగువునిస్తాయని 2012లో తెలిసింది. లోపల ఈ ఉంగరం, బయట బంక వలయం ఉంటేనే అంత ఒత్తిడి ఆ చిన్న చోట పనికి వస్తుంది.

దీనికి బీజం చెల్లించే మూల్యం కూడా పెద్దదే. తనలో ఉన్న కొవ్వు, గ్లైకోజెన్ వంటి సరుకంతా పొడిచే కణానికి పంపేసి, మిగిలిన గదులను తానే జీర్ణం చేసుకుని బీజం చచ్చిపోతుంది. ఆ చావును జన్యు మార్పుతో ఆపి చూస్తే శిలీంధ్రం ఆకులోకి దూరలేకపోయింది. కాబట్టి ఒకసారి పట్టు దొరికాక దానికి రెండో అవకాశం ఉండదు, మరో చోటికి పోయే దారీ ఉండదు. అనుకూలమైన రాత్రిలో బీజం వాలినప్పటి నుంచి పొడిచే కణం ఆకారం రావడానికి 4 నుంచి 6 గంటలు, ఆకులోకి దిగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది.

మిగతా తెగుళ్ల తీరు

అగ్గి తెగులు మీద పరిశోధన ఎక్కువ జరిగింది కాబట్టి అన్ని శిలీంధ్రాలూ ఇలాగే అతుక్కుంటాయని అనుకోవడం పొరపాటు. ప్రవేశించే దారిని బట్టి పట్టు తీరు మారుతుంది.

తుప్పు తెగుళ్లు దీనికి మంచి పోలిక. వేరుశనగ ఆకు అడుగున ఇటుక రంగు పొడిగా కనిపించే తుప్పు చాలామందికి తెలిసిందే. ఈ కుటుంబంలోని చాలా శిలీంధ్రాల ఎర్ర బీజాలు ఆకు చర్మాన్ని పొడవవు, ఆకు ఊపిరి తీసుకునే పత్రరంధ్రాలను వెతుక్కుని వాటి గుండా దూరతాయి. కాబట్టి వాటికి మొండి బలం కన్నా దారి వెతుక్కునే పట్టు అవసరం. బాకలా చిక్కుడుకు వచ్చే తుప్పులో బీజం ఆకును తాకిన చోట మెత్తటి దిండు లాంటి అతుకు ఏర్పడుతుంది. బీజాలను వేడితో చంపేసినా ఆ దిండు ఏర్పడింది కానీ పట్టు బలహీనంగా ఉంది. బీజం పైన ఉండే క్యూటినేజ్, ఎస్టరేజ్ ఎంజైములను చచ్చిన బీజాలకు తిరిగి కలిపితే పట్టు పెరిగింది. ఇది 1992 నాటి ఫలితం. ఆకు మైనపు పొరను కరిగించే ఎంజైములకు అతికించే పనిలో కూడా చెయ్యి ఉందని దీంతో తేలింది.

పట్టు దొరికాక చిక్కుడు తుప్పు మొలక పత్రరంధ్రాన్ని ఎలా కనుక్కుంటుందన్నది ఇంకా ఆశ్చర్యం. 1987లో అమెరికా శాస్త్రవేత్తలు ప్లాస్టిక్ మీద రకరకాల ఎత్తుల్లో గట్లు చెక్కి, వాటి మీద మొలకలను పాకనిచ్చారు. అర మైక్రాన్ ఎత్తున్న గట్టు తగిలినప్పుడు మొలక అక్కడ ఆగి పొడిచే కణాన్ని తయారుచేసింది. గట్టు మరీ పొట్టిగా ఉన్నా, మరీ ఎత్తుగా ఉన్నా పట్టించుకోలేదు. చిక్కుడు పత్రరంధ్రం పెదవి ఎత్తు కూడా దాదాపు అంతే. ఆకు రసాయనమేదీ లేకపోయినా, గట్టు ఎత్తును తడిమి మాత్రమే మొలక గుమ్మాన్ని గుర్తుపడుతోంది. అంత సన్నటి తేడా తెలియాలంటే మొలక తలాన్ని ఎక్కడా ఎడం లేకుండా అంటిపెట్టుకుని ఉండాలి.

బూడిద తెగుళ్లది పూర్తిగా వేరే దారి. మినుము, పెసర, మామిడి పూత మీద తెల్లటి పొడిలా వచ్చేవి ఇవే. వీటి బీజాలకు ఆకు మీద నీరు అవసరం లేదు. మొలకెత్తడానికి కావలసిన నీరు వాటిలోనే ఉంటుంది. పొడి వాతావరణంలో కూడా బూడిద తెగులు రేగడానికి కారణం ఇదే. బార్లీ బూడిద తెగులు మీద చేసిన పరిశీలనల్లో బీజం ఆకును తాకిన కొద్ది సేపటికే తాకిన చోట ద్రవం వదిలి అతుక్కుంటుందని తెలిసింది. తర్వాత ముందొక పొట్టి మొలక వచ్చి ఆకును గట్టిగా పట్టుకుంటుంది. రెండో మొలక పొడిచే కణంగా మారుతుంది. పట్టుకోవడానికి ఒకటి, పొడవడానికి ఒకటి.

మిరప కాయకుళ్ళు, మామిడి మచ్చ తెగుళ్లు కలిగించే కొల్లెటోట్రైకం బీజాలు మందపాటి బంక ముద్దలో పుడతాయి. ఆ బంక ఎండలో వాటిని ఎండిపోకుండా కాపాడుతుంది. ఒకే చోట కిక్కిరిసి ఉన్నప్పుడు మొలకెత్తకుండా కూడా ఆపుతుంది. చినుకు పడితే బంక కరిగి, బీజాలు తుంపరతో ఎగిరి పక్క కాయల మీద పడతాయి. అందుకే మిరపలో కాయ పండే వేళ అకాల వాన పడితే గుంటూరు, ఖమ్మం రైతులకు టెన్షన్ మొదలవుతుంది. మామిడిలో ఈ శిలీంధ్రం చేసే పని ఇంకా ఓపికతో కూడినది. పిందె, పచ్చికాయ దశలోనే కాయను పట్టుకుని, పొడిచే కణాన్ని తయారుచేసుకుని ఆగిపోతుంది. కాయ పండేదాకా, ఒక్కోసారి నెలల తరబడి, అలాగే అంటిపెట్టుకుని ఉంటుంది. తోటలో నిగనిగలాడిన కాయ మాగబెట్టాక నల్లమచ్చలు పడటానికి కారణం ఇదే. అప్పుడు మాగబెట్టినవారిని అనుమానించి లాభం లేదు.

ద్రాక్ష, టమాటాల మీద బూజు పట్టించే బోట్రైటిస్ రెండు విడతల్లో అతుక్కుంటుంది. మొదటి పట్టు బలహీనం, నీటితో కడిగితే చాలా బీజాలు పోతాయి. మొలకెత్తాక వచ్చే రెండో పట్టు అంత తేలికగా వదలదు.

ఫైటోఫ్తోరా గురించి ఒక్క మాట. కొబ్బరి మొవ్వు కుళ్ళు, చామ ఆకు మాడు తెగుళ్లకు ఇది కారణం. చూడటానికి శిలీంధ్రంలా ఉన్నా వంశం వేరు. దీని బీజాలు తోకలతో నీటిలో ఈదుతాయి. తగిన చోటు తగలగానే తోకలు వదిలేసి, పొట్ట వైపు సంచుల్లో దాచిన జిగురు ప్రోటీన్‌ను కక్కి, నిమిషాల్లో అతుక్కుంటాయి. అగ్గి తెగులు శిలీంధ్రానికీ దీనికీ చుట్టరికం లేదు, అయినా రెండూ జిగురును ముందే తయారుచేసి దాచుకునే పద్ధతికి వచ్చాయి.

నిరోధక రకం మీద కూడా అతుక్కుంటుందా?

అతుక్కుంటుంది. ఈ విషయంలో అపోహ ఎక్కువ. తెగులును తట్టుకునే రకం ఆకు మీద బీజం వాలదనీ, నిలవదనీ చాలామంది అనుకుంటారు. టెఫ్లాన్‌నే పట్టుకున్న బీజానికి సాంబ మసూరి అయినా నెల్లూరు రకమైనా పెద్ద తేడా ఉండదు. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, అగ్గి తెగులుకు తేలిగ్గా లొంగుతుంది. నెల్లూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎన్ఎల్ఆర్ 34449 తట్టుకుంటుంది. ఇలాంటి తేడా ఎక్కువగా తేలేది శిలీంధ్రం లోపలికి దిగాక. నిరోధక జన్యువులున్న మొక్క శిలీంధ్రం వదిలే ప్రోటీన్లను గుర్తుపట్టి, అది దూరిన కణాన్ని చంపేసుకుని దాన్ని అక్కడే బంధిస్తుంది.

అతుకుకు పంటతో పట్టింపు లేకపోవడం వల్ల ప్రమాదం కూడా ఉంది. ఇదే శిలీంధ్రంలోని మరో తెగ గోధుమకు అంటుకోవడం 1985లో బ్రెజిల్‌లో మొదటిసారి కనిపించింది. 2016లో బంగ్లాదేశ్ చేరి సుమారు 15,000 హెక్టార్ల గోధుమను దెబ్బతీసింది. పట్టుకునే సరంజామా, పొడిచే సరంజామా అన్నీ ముందే సిద్ధంగా ఉన్న శిలీంధ్రం కొత్త పంట మీదికి మళ్లాలంటే, దాటవలసిన ముఖ్యమైన అడ్డు ఆ పంట లోపలి రక్షణే.

మందులు ఎక్కడ పనిచేస్తాయి?

అగ్గి తెగులుకు రైతులు ఎక్కువగా వాడే ట్రైసైక్లజోల్ పనితీరు ఈ వరుస తెలిశాక బాగా అర్థమవుతుంది. పొడి మందును లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున కలిపి కొడతారు. అది వాడుకలో ఉన్న మోతాదులో శిలీంధ్రాన్ని చంపదు. బీజం అతుక్కుంటుంది, మొలకెత్తుతుంది, గుమ్మటం కూడా కడుతుంది. మందు ఆపేది మెలనిన్ పూతను. నల్ల పూత లేని గుమ్మటంలో గ్లిసరాల్ నిలవదు, ఒత్తిడి రాదు, మేకు దిగదు. ఆకు బయట పట్టుకుని ఉన్నదాన్ని అక్కడే నిలబెట్టే మందు ఇది. అప్పటికే లోపలికి దిగినదానికి గుమ్మటంతో పని లేదు కాబట్టి దాని మీద ఈ మందు పెద్దగా పనిచేయదు. మందు కొట్టిన మూడో రోజున కనిపించే కొత్త మచ్చలు కొట్టడానికి ముందే ఆకులోకి చేరినవి. వాటిని చూసి మందు నకిలీదని తేల్చడం, వెంటనే మరో రెండు మందులు కలిపి కొట్టడం ఖర్చును పెంచుతాయి తప్ప ఆ మచ్చలను మాన్పవు. కసుగామైసిన్ వంటివి వేరే చోట, శిలీంధ్రం ప్రోటీన్ల తయారీ మీద దెబ్బ కొడతాయి.

ఒకే మెట్టు మీద ఆధారపడటంలో ఇబ్బంది ఉంది. మెలనిన్ తయారీలోనే మరో మెట్టును ఆపే కార్‌ప్రోపమిడ్ మందుకు తట్టుకునే శిలీంధ్రం 2001లో జపాన్‌లో బయటపడింది. ఒక్క ఎంజైములో ఒక్క చిన్న మార్పు అందుకు సరిపోయింది. ట్రైసైక్లజోల్‌కు అవశేషాల సమస్య తోడైంది. బియ్యంలో దీని అవశేష పరిమితిని ఐరోపా సమాఖ్య కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01 మిల్లీగ్రాముకు తగ్గించింది. 2018 నుంచి బాస్మతికి కూడా అదే వర్తించడంతో ఎగుమతిదారులు ఇబ్బంది పడ్డారు.

ఇంకా ముందు మెట్టు మీద, అంటే అతుకు మీదే దెబ్బ కొట్టవచ్చా? ప్రయోగశాలలో కుదిరింది. కాన్‌కనావలిన్‌తో జరిగింది అదే. ప్రోటీన్లను కోసే కొన్ని ఎంజైములు కలిపితే మొలకలు తలాన్ని వదిలేస్తాయని, తెగులు తగ్గిందని జపాన్ పరిశోధనల్లో తేలింది. పొలానికి తేవడంలో చిక్కు కాలానిది. కొన జిగురు పనిచేసేది నిమిషాల్లో. అడ్డుకునే పదార్థం అప్పటికే ఆకు మీద, మంచుకు కరగకుండా, ఎండకు చెడకుండా ఉండాలి. ఖరీదైన ప్రోటీన్లను ఎకరాల మీద అలా నిలబెట్టడం ఇప్పట్లో అయ్యే పని అనిపించదు.

అందుబాటులో ఉన్నవి వేరే ఉన్నాయి. వరి మొక్క సిలికాను ఎక్కువగా తీసుకుంటుంది. అది ఆకు చర్మం కింద పేరుకున్న పైరులో అగ్గి తెగులు తగ్గుతుందని చాలా దేశాల్లో గమనించారు. గట్టిపడిన చర్మంలో మేకు దిగడం కష్టమన్నది ఒక వివరణ. మొక్క లోపలి రక్షణ త్వరగా మేలుకుంటుందన్నది మరొకటి. రెండూ నిజమే కావచ్చు. సిలికా ఎక్కువగా ఉండే ఊక బూడిద మనకు కొరత లేనిది. యూరియా మోతాదు మించితే జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ఆకు మెత్తబడుతుంది, సిలికా పాలు తగ్గుతుంది, గుబురెక్కిన పైరులో మంచు తడి పొద్దెక్కేదాకా ఆరదు. పక్క మడిలో లేని తెగులు ఈ మడిలో ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు యూరియా బస్తాల లెక్కలో దొరుకుతుంది.

లెక్క తడి గంటలదే

వాన లేని శీతాకాలంలో తెగులు ఎందుకు వస్తుందన్న ప్రశ్న ఇంకా ఉంది. వాన పడితే తెగులు వస్తుందన్న అలవాటు లెక్క అగ్గి తెగులుకు పూర్తిగా సరిపోదు. ఈ బీజానికి కావలసింది నీటి పరిమాణం కాదు, తడి ఆగకుండా ఎన్ని గంటలు ఉందన్నది. పది నిమిషాలు జోరుగా కురిసి, వెంటనే ఎండ కాస్తే గుమ్మటం పూర్తికాకముందే ఆకు ఆరిపోతుంది. డిసెంబర్, జనవరిల్లో చినుకు లేకపోయినా సాయంత్రం మొదలైన మంచు ఉదయం తొమ్మిదింటి దాకా నిలిస్తే, రాత్రి చలి 20 డిగ్రీల అటూ ఇటూ ఉంటే, జిగురు నుంచి గుమ్మటం దాకా అన్నిటికీ సమయం దొరుకుతుంది. దాళ్వా వరిలో అగ్గి తెగులు ఎక్కువగా కనపడటానికి కారణం ఈ రాత్రులే.

జపాన్‌లో ఈ లెక్కనే హెచ్చరిక వ్యవస్థగా మార్చారు. బ్లాస్టామ్ అనే పద్ధతి వాతావరణ కేంద్రాల నుంచి వచ్చే ఉష్ణోగ్రత, వాన, గాలి, ఎండ వివరాలు తీసుకుని ఏ ఊళ్లో ఆకు ఎన్ని గంటలు తడిగా ఉండి ఉంటుందో అంచనా వేస్తుంది. ఆ గంటలు, ఆ ఉష్ణోగ్రత బీజం పని పూర్తికావడానికి సరిపోతే ఆ రోజును తెగులు అంటుకున్న రోజుగా గుర్తిస్తుంది. మచ్చ కోసం ఎదురుచూడదు. అలాంటి రోజు నమోదైన ప్రాంతంలో పొలాలు చూడమని చెప్పేటప్పటికి ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి.